కడియం పట్టుకుంటేనే హాజరు

మా అయ్యవారు పోయారు. పోయిన గురువారం సూళ్లూరుపేటలో మా హైస్కూలు స్టాఫ్ రూములో కూర్చుని తొమ్మిదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతుంటే, మా ఊరి నుంచి చెంగయ్య ఫోన్ చేసి చెప్పాడు. "అక్కా, అయ్యోరు పోయినాడు. గూడూరు ఆస్పత్రిలో. పొద్దన ఇడ్లీ తిన్నాడంట. పేపరు చదవమన్నాడంట. కూతురు చదవతా ఉంటే కళ్లు మూసినాడంట." ప్రతి మాట చివరా ఆ 'అంట' తగిలిస్తుంటే నాకు ఏదో పుకారు వింటున్నట్టే ఉంది. చేతిలో ఎర్రపెన్ను అలాగే ఉంది. ఏడుపు రాలేదు. ఏం అడగాలో తోచక, "ఎక్కడికి తెస్తున్నారు?" అన్నాను. "మన ఊరికే. భార్య పక్కనే పెట్టమని ముందే చెప్పినాడు గదా. అద్దింట్లో చూస్తే మోకాలిలోతు వాననీళ్లు. కొట్టంలో పెడదామని మేత మూటలు తీపిస్తుండా" అన్నాడు.

కొట్టం అనగానే పెన్ను కింద పెట్టేశాను. ఆ మనిషిని చివరికి ఆ చోటికే తెస్తున్నారా అనుకున్నాను.

కొట్టం సంగతి ముందు చెప్పాలి. మా ఊరు వాకాడు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. ఊరి చివర, సరుగుడు తోపుకు ఇవతల, ఎర్రరాయితో కట్టిన పొడవాటి మిద్దె ఒకటుంది. గుర్రాలకొట్టం అంటారు. అందులో గుర్రాన్ని చూసిన మనిషి ఇప్పుడు ఊళ్లో ఒక్కరు కూడా లేరు. తెల్లవాళ్ల కాలంలో ఉప్పు మడుల మీద అజమాయిషీ చేసే దొర ఒకడు అక్కడ బంగళా కట్టుకొని, దాని వెనక తన గుర్రాల కోసం ఈ కొట్టం కట్టించాడట. దొర పోయాక బంగళా తలుపులూ దూలాలూ ఇటుకలూ మా పెద్దలు తలా కాస్త ఊడదీసుకుపోయారు. కొట్టం రాళ్లు మాత్రం ఎవరికీ ఊడిరాలేదు. దొర పడుకున్న ఇల్లు పోయి, దొర గుర్రాలు పడుకున్న ఇల్లు మిగిలింది.

లోపల ఆరు అరలు. అరకూ అరకూ మధ్య మనిషి గుండె ఎత్తు రాతి అడ్డగోడ. ఒక్కో అరలో వెనక గోడకు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి ఇనుప కడియాలు దిగగొట్టి ఉంటాయి, గుర్రాలను కట్టెయ్యడానికి. దొర తర్వాత అందులో ఉప్పు మూటలు వేశారట. ఆ ఉప్పు కింది వరస రాళ్లలోకి ఎక్కి కూర్చుంది. గోడ నాకితే ఇప్పటికీ ఉప్పగానే ఉంటుంది. ఇది ఎవరో చెప్తే విన్నది కాదు. మా ఊళ్లో పుట్టి, చిన్నప్పుడు ఆ గోడ నాకని వాళ్లెవరైనా ఉంటే నాకు చూపించండి. ఉప్పు తర్వాత అది బడి అయింది. బడిగా ఉండగానే అయ్యవారు వచ్చారు.

అయ్యవారిది నెల్లూరు టౌను. ప్రొటెస్టెంటు కుటుంబం. సముద్రం ఒడ్డు ఊరికి వేశారని ఏడాది ఓర్చుకొని బదిలీ చేయించుకుందామనే వచ్చారట. తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఆదివారం సైకిలు తొక్కుకుంటూ వాకాడుకు ఆరాధనకు పోయేవారు, తిరిగి వచ్చేటప్పుడు హ్యాండిలుకు చాక్‌పీసుల డబ్బా తగిలించుకొని వచ్చేవారు. ప్రతి చాక్‌పీసునూ రెండు ముక్కలు చేసి, ఒకటి జేబులో వేసుకొని రెండోదానితోనే రాసేవారు. అయిదు తరగతులకు ఒక్కడే మాస్టరు. అందుకని అరకొక తరగతి. ఆరో అర ఆయనది, అందులో ఒక బల్లా, రిజిస్టరు ఉండే రేకు పెట్టే. మేము ఒకరినొకరు "ఎన్నో తరగతి?" అని అడిగేవాళ్లం కాదు. "ఎన్నో గుర్రం మే?" అనేవాళ్లం. తప్పినవాళ్లు ఇంటికిపోయి "ఈ ఏడు గూడా మూడో గుర్రమే" అని చెప్పుకొనేవారు.

ఒత్తుల విషయంలో ఆయనంత చాదస్తుణ్ణి నేను మళ్లీ చూడలేదు. నేను తెలుగు టీచరునయింది ఆ చాదస్తం అంటుకోబట్టే. "ఒత్తంటే ఊపిరి మే. ఒత్తు తీసేస్తే మాటకు ఊపిరి తీసేసినట్టే" అనేవారు. అలాంటి మనిషికి మా ఊరి కుర్రకారు ఏం చేశారంటే, బస్టాపు దగ్గర ఫ్లెక్సీ కట్టి, దాని మీద ఇంత లావు అక్షరాలతో 'శ్రద్దాంజలి' అని వేయించారు. ద కింద ధ ఒత్తు లేదు. శుక్రవారం పొద్దున బస్సు దిగి ఆయన ఫోటో వైపు చూశానా, ముందు ఆ తప్పే కనిపించింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సంచిలో ఎర్రపెన్ను ఉండనే ఉంది. అందరూ చూస్తుండగానే మునివేళ్ల మీద నిలబడి ఆ ద పొట్టకింద గీత పెట్టాను. నన్ను చూసి ఎవరో "మేడమ్‌కి మతి చలించినట్టుండాది" అన్నారు. అననీ.

ఇక నా పేరు. నా పేరు మస్తానమ్మ. మా వైపు బిడ్డలు నిలవకపోతేనో, అసలు పుట్టకపోతేనో మస్తానయ్య దర్గాకు మొక్కుకొని, పుట్టాక మస్తానయ్యనో మస్తానమ్మనో పెట్టుకుంటారు. హిందువులు, ముస్లిములన్న తేడా లేదు. అందుకని మా ఊళ్లో ఎవరు "మస్తాన్" అని కేకేసినా నాలుగు గుమ్మాల్లోంచి తలలు బయటికి వస్తాయి. మా తరగతిలో ఇద్దరం మస్తానమ్మలం. నేను పొడుగు గనక పెద్ద మస్తానమ్మను. చెంగయ్య వాళ్లక్క చిన్న మస్తానమ్మ. నాలుగో గుర్రంలో తను ఎడమ కడియం కింద కూర్చునేది, నేను కుడి కడియం కింద. ఇద్దరి గొంతూ ఒకటే. అయ్యవారు నల్లబల్ల వైపు తిరిగి రాస్తూ ప్రశ్న అడిగితే, తన బదులు నేనూ నా బదులు తనూ పలికేవాళ్లం. ఆయన తిరిగి చూసి, "ఎవురు మే పలికింది?" అనేవారు. అది మా ఆట.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు తుఫాను వచ్చింది. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టేసరికే చీకటి కమ్ముకుంది. అప్పట్లో మా ఊళ్లో అన్నీ తాటాకు ఇళ్లే, గట్టి కప్పు అంటే కొట్టం ఒక్కటే. అయ్యవారు మమ్మల్ని ఇళ్లకు పంపి, అమ్మానాయనల్ని తీసుకొని తిరిగి రమ్మన్నారు. సాయంత్రం బడి వదిలే వేళకు ఊరు చాలావరకు కొట్టంలోనే ఉంది. అయిదో తరగతివాళ్లను మా అరలో ఇరికించి, అయిదో అరను చంటిబిడ్డల తల్లులకిచ్చారు. చిన్న మస్తానమ్మ వాళ్లమ్మ, నేను అత్తా అని పిలిచే ఆవిడ, చెంగయ్యను ఒడిలో పెట్టుకొని మా అడ్డగోడకు అవతలే కూర్చుంది. మగవాళ్లంతా తలుపు దగ్గర. గాలి అప్పటికే తలుపు చెక్కల్ని తోస్తోంది.

"మూసెయ్యండి, మూసెయ్యండి" అని పెద్దలు అరుస్తున్నారు. అయ్యవారు లాంతరు పట్టుకొని గడపలో నిలబడ్డారు. "ఉండండయ్యా, పిల్లోళ్లను పిలుచుకోనీండి" అని రిజిస్టరు తెరిచి హాజరు పిలవడం మొదలుపెట్టారు. రోజూ అయితే మా ఇద్దరినీ పెద్ద మస్తానమ్మ, చిన్న మస్తానమ్మ అని పిలిచేవారు. ఆ పూట తొందరలో పెద్దా చిన్నా అనకుండా, ఇంటిపేర్లు కూడా వదిలేసి చదువుతూ పోయారు.

"మస్తానమ్మా!"

"ఉండా అయ్యోరా!" అన్నాను.

"మస్తానమ్మా!"

"ఉండా అయ్యోరా!" అని మళ్లీ అరిచాను, గట్టిగా.

గాలి హోరులో ఆయన మొదటిసారి వినలేదనుకొని రెండోసారి పలికాను. ఇన్నేళ్లూ నాకు నేను ఇలాగే చెప్పుకొన్నాను. చిన్న మస్తానమ్మ నా పక్కన లేదని నాకు తెలుసు. గోడకవతల వాళ్లమ్మ దగ్గర ఉందనుకొన్నాను. ఒక్కోసారి మాత్రం, నా నోటికి ఆ ఆట అలవాటైపోయి అదే పలికిందేమో అనిపిస్తుంది. ఏది నిజమో నాకు నిజంగా తెలియదు. తెలిస్తే ఈపాటికి రాసేదాన్ని.

అయ్యవారు రిజిస్టరు మూసి, "అందరూ ఉండారు. తలుపెయ్యండి" అన్నారు.

తెల్లారి గాలి తగ్గి, తలుపు తీశాక అత్త మా అరలోకి తొంగిచూసింది. చెంగయ్య భుజం మీద నిద్రపోతున్నాడు.

"మా పాపేది మే?" అంది.

"నీకాడ లేదా అత్తా?" అన్నాను.

అంతే. ఆవిడ చెంగయ్యతోనే బయటికి పరిగెత్తింది.

సరుగుడు తోపులో దొరికింది, పడిపోయిన చెట్టు కింద. గంప కింద మరిచిపోయిన కోడిపిల్లల కోసం ఎవరికీ చెప్పకుండా ఇంటికి పరిగెత్తిందట. పావడ కుచ్చెళ్లు రెండు చేతులతో పైకెత్తి బిగించి పట్టుకొని ఉంది. కోడిపిల్లలు ఆ మడతలోనే ఉన్నాయి. మోసుకొచ్చిన మనిషిని అయ్యవారు ఒక్కటే అడిగారు. "తలుపుకాడికి వచ్చిందా?" "లేదయ్యోరా, అసలు ఇటు రానే రాలా" అన్నాడతను. ఆ మాట అయ్యవారు నమ్మలేదు. తలుపు వెలుపలి వైపుకు పోయి, కింది నుంచి చిన్నపిల్ల చెయ్యి అందే ఎత్తుదాకా ప్రతి చెక్కనూ చేత్తో తడిమి చూశారు. గడపలో నిలబడి నేనది చూశాను.

కొట్టానికి రాకపోయిన వాళ్లు, దూరం నుంచి అలలు తెచ్చి పడేసిన వాళ్లు, ఇంకా చాలామంది పోయారు. అందరినీ కొట్టంలోనే వరసగా పడుకోబెట్టారు, పొడినేల ఇంకెక్కడా లేదు మరి. చిన్న మస్తానమ్మను నాలుగో అరలో ఎడమ కడియం కింద, తన చోటనే పడుకోబెట్టారు. బడి మూడు రోజులు శవాలకొట్టమయింది.

నాలుగో రోజు ఊరి పెద్దలు కూర్చుని అయ్యవారిని పిలిపించారు. "పిల్లోళ్లందర్నీ పిలిచినానన్నావు గదా, ఆ బిడ్డ సంగతేంది?" అన్నారు. అయ్యవారు చేతులు కట్టుకొని, "ఒక పేరు దాటేసినా" అన్నారు. దాటెయ్యలేదు. పిలిచారు. పలికింది నేను. ఆ గుంపులో మా నాయన పంచె పట్టుకొని నిలబడి, ఆయన అబద్ధం చెప్తున్నారని తెలిసి, నోరు మూసుకున్నాను.

వారం తట్టుకోగలిగాను. బడి అప్పుడు తాటాకు పాకలో నడుస్తోంది, కొట్టంలోకి పిల్లల్ని పంపేది లేదన్నారు అందరూ. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆయన దగ్గరికి పోయాను. "రెండుసార్లూ నేనే పలికినా అయ్యోరా" అన్నాను.

ఆయన చాక్‌పీసు ముక్క కింద పెట్టారు. "ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు."

"చెప్పబాక. మీ అమ్మకు గూడా చెప్పబాక. తప్పు పిలిచినోడిది మే, పలికినోళ్లది కాదు. ఇంటిపేరు పెట్టి పిలవాల్సింది, పిలవలా. పో, పోయి ఎక్కాలు చదువుకో."

పోయి ఎక్కాలు చదువుకున్నాను. ఆయన చెప్పిన మాటల్లో నేను పూర్తిగా పాటించింది ఆ 'చెప్పబాక' ఒక్కటే, నలభై ఏళ్ల పైన. పెళ్లయిన తర్వాత నా మొగుడికి కూడా చెప్పలేదు. పిరికిదానికి గురువు ఆజ్ఞ దొరికితే అంతకంటే ఏం కావాలి?

తర్వాత ఆయన గోడలకు తన చేత్తోనే సున్నం కొట్టారు. దయ్యాలున్నాయని జనం భయపడుతుంటే, ఇల్లు ఖాళీ చేసి భార్యనూ పసి కూతురినీ తీసుకొచ్చి నెలరోజులు కొట్టంలోనే కాపురం పెట్టారు. ఆవిడ ఆ అరల్లోనే పొయ్యి రాజేసి వండింది. వాళ్లకేమీ కాకపోవడం చూసి ఒక్కొక్కరే పిల్లల్ని పంపారు. అప్పుడు మొదలైంది కడియాల హాజరు. పేరు పిలవగానే నోటితో పలికితే చాలదు. లేచి వెళ్లి, తన అరలో కుడివైపు కడియాన్ని చేత్తో పట్టుకోవాలి. ఆయన మొహం చూసి, చెయ్యి చూసి, అప్పుడే 'హా' అని వేసేవారు. అయిదు తరగతులకూ అలా పిలిచేసరికి మొదటి గంట అందులోనే పోయేది. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు ఒకాయన "ఏంటయ్యా ఈ పిచ్చి?" అని విసుక్కున్నాడు. "గొంతు ఎవరిదైనా అవుతుంది సార్, చెయ్యి ఒకరిదే" అన్నారు అయ్యవారు. ఆఫీసరుకు అర్థం కాలేదు. నాలుగో అరలో కూర్చున్న నాకు అర్థమై, తల ఎత్తలేకపోయాను.

నాలుగో అర ఎడమ కడియాన్ని మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఏళ్ల తరబడి పిల్లల చేతులు పడి కుడి కడియాలన్నీ నున్నగా మెరిసేవి. ఎడమది తుప్పుపట్టి పొరలు లేచింది.

అత్త ఆయనతో మాట మానేసింది. వీధిలో ఆయన సైకిలు బెల్లు వినిపిస్తే లోపలికి పోయేది. చెంగయ్యను అయిదేళ్లు నిండాక కూడా ఆ బడికి పంపలేదు, రెండు మైళ్లు నడిపించి పక్క ఊరి బడిలో చదివించింది. పుల్లయ్య కొట్టు దగ్గర ఒకసారి ఇద్దరూ ఎదురుపడితే, చేతిలోని సరుకు అక్కడే వదిలేసి తిరిగిపోయింది. అది చూసి నాకు కోపం వచ్చింది. అప్పటికి నేను ట్రెయినింగు చదువుతున్నాను, కాస్త నోరు లేచింది. "ఎంతకాలం ఈ నింద పడతారు అయ్యవారూ? నేనే పోయి చెప్తాను" అన్నాను. "ఆమెకు కోపం చేసుకునే మనిషి ఒకరుండాల మే. నేనుండా గదా" అన్నారు. ఆ మాటను సాకు చేసుకొని నేను అత్త దగ్గరికి పోలేదు.

స్తంభాల మీద కొత్త తుఫాను షెల్టరు కట్టాక బడి అందులోకి పోయింది. కొట్టంలోకి చౌకబియ్యం వచ్చాయి, తర్వాత కొన్నాళ్లు ఓట్ల పెట్టెలు, ఆ తర్వాత ఎవరికీ పట్టని మేకలు. చుట్టూ పొలాలు రొయ్యల గుంటలయ్యాక రొయ్యల మేత మూటలు వేశారు, ఆ వాసన రాళ్లకు పట్టింది. ఇప్పుడు దాన్ని అద్దెకు తీసుకున్నది చెంగయ్యే. కరోనా వచ్చినప్పుడు చెన్నై నుంచి నడిచొచ్చిన మావాళ్లను పద్నాలుగు రోజులు అందులోనే ఉంచారు. రిటైరై, భార్య పోయి, కూతురు రమ్మన్నా పోకుండా ఊళ్లోనే ఉండిపోయిన అయ్యవారు రోజూ పొద్దున కిటికీ బయట మూతికి గుడ్డ కట్టుకొని నిలబడి హాజరు పిలిచేవారట. మీసాలొచ్చిన మగవాళ్లు, మనవళ్లున్నవాళ్లు లేచిపోయి కడియం పట్టుకొనేవారట. ఒకరోజు ఒకడు లేవలేకపోయాడు. హాజరు పిలవబట్టే ఆ సంగతి త్వరగా తెలిసింది, అంబులెన్సు పిలిచారు. వాడు బతకలేదు. కానీ ఒంటరిగా పోలేదు.

పాతకట్టడాలని రాసుకునే ఉద్యోగులు ఎవరో వచ్చి కొలతలు తీసుకుని, 'గుర్రపుశాల' అని ఒక బోర్డు పెట్టిపోయారు. ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు అని అందులో రాశారు. అయ్యవారు దాన్ని చదివి, ఒత్తులు సరిగ్గానే ఉన్నాయని మెచ్చుకున్నారు. తర్వాత నాతో, "ఎవురు కట్టినారో రాసినారు మే. ఎవురెవురు దాక్కున్నారో రాయలా" అన్నారు. ఎవరు దాక్కోలేకపోయారో అని నేను మనసులో అనుకున్నాను. ఆయనా అదే అనుకొని ఉంటారు.

శుక్రవారం కొట్టంలోకి పోయేసరికి చెంగయ్య మూటలన్నీ అటూఇటూ సర్ది, ఒక అర ఖాళీ చేయించి, బడిబల్ల మీద శవపెట్టెను పెట్టించాడు. పెట్టె పట్టే చోటు అదొక్కటే దొరికిందట. నాలుగో అర. వాడికి తెలియదు, ఆ రోజు వాడు ఒళ్లో బిడ్డ. గుండెదాకా తెల్లగుడ్డ కప్పి ఉన్న అయ్యవారి మొహం చిన్నదైపోయింది. జేబులో అలవాటుగా ఒక చాక్‌పీసు ముక్క ఉంటే కూతురు తియ్యలేదు. బయట వాన పడుతూనే ఉంది. పాస్టరు గారు ప్రార్థన ముగించాక, మూత బిగించడానికి ఇద్దరు ముందుకు వచ్చారు.

అప్పుడు అత్త వచ్చింది. కర్ర పోటేసుకుంటూ, తడిసిన కొంగు తల మీద కప్పుకొని గడప దాటింది. నలభై ఏళ్ల పైన ఆ గడప తొక్కని మనిషి. జనం దారి ఇచ్చారు. ఆయన మొహం మీదే ఏదైనా అనేస్తుందేమోనని భయపడ్డాను, ఆ భయంలోనే నా నోరు తెరుచుకుంది.

"అత్తా, ఆయన్ను ఏమీ అనబాక. ఆ పొద్దు ఆయన నీ బిడ్డ పేరు దాటెయ్యలా. పిలిచినాడు. రెండోసారి గూడా నేనే పలికినా."

చెంగయ్య నావైపు తిరిగి చూశాడు. ఆ చూపును నేను ఇంకా మోస్తున్నాను. అత్త మాత్రం నన్ను చూడలేదు. అయిదో అర వైపు అడ్డగోడను చేత్తో చూపించింది.

"నేనీడే కూసోనుండా. ఈ గోడకవతల. ఇన్నా."

"ఏమి విన్నావు?"

"రెండుసార్లూ ఇన్నా. రెండో గొంతు ఇని, మా పాప ఆడ పిల్లోళ్లలో ఉండాదిలే అనుకున్నా. నింపాదిగా ఈడికి పాలిచ్చుకుంటా కూసున్నా." చెంగయ్య వైపు తలాడించింది. "కన్నతల్లిని. నా బిడ్డ గొంతు కాదని నాకే తెలవలా. ఆయనకెట్ట తెలస్తాది?"

అడ్డగోడ పట్టుకున్నాను. "మరి ఇన్నేళ్లూ ఆయనతో ఎందుకు మాట్లాడలేదత్తా?"

"ఏమని మాట్లాడేది? పేరు దాటేసినానని అందరి ముందరా అబద్ధం చెప్పినాడు. నీకోసరం చెప్పినాడని నాకు తెలుసు. అది అబద్ధమని నేనంటే, మరి గొంతు ఇన్నదానివి నువ్వెందుకు లేవలేదే అని నన్నడగరా? ఆయన మొకం చూస్తే నా చెవులు గుర్తొచ్చేవి మే. తాళలేక పక్కకు పొయ్యేదాన్ని." పెట్టెలోకి చూస్తూ, "ఒక్క మాట అనుంటే నిదరపొయ్యుండేవాడేమో, పాపం" అంది.

నాకు అప్పుడు వచ్చింది ఏడుపు. ఎవరి మీదో చెప్పలేని కోపం కూడా వచ్చింది. ముగ్గురం ఒకే తప్పును ఎవరికి వాళ్లం నాదే అని మూటగట్టుకొని, ఒకే ఊరివాళ్లమయ్యుండీ ఒకరికొకరం చూపించుకోకుండా బతికాం. ఆయన నన్ను కాపాడాననుకొన్నారు. నేను ఆయన మాట నిలబెట్టాననుకొన్నాను. ఆవిడ కోపంగా ఉందని ఇద్దరం అనుకొన్నాం. ఎవరమైనా ఒక్కరం నోరు విప్పి ఉంటే ఆ మనిషి మీది బరువు బతికుండగానే దిగి ఉండేది. ఇప్పుడు విప్పాను, ఆయన చెవిన పడనప్పుడు. అయ్యవారూ, మీరు చెప్పిన మాటల్లో ఇదొక్కటి నేను వినకుండా ఉండాల్సింది.

మూత పట్టుకున్నవాళ్లు కదిలారు. అత్త కర్ర గోడకు ఆనించి, పెట్టె పక్కనుంచి ఇరుక్కుంటూ వెనక గోడ దగ్గరికి పోయింది. ఎడమ కడియం. తడిచేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది. తుప్పు పొరలు రాలి నేల మీద పడ్డాయి. ఆయన వైపు తిరిగి, కొట్టమంతా వినిపించేలా గట్టిగా, నేను నాలుగో తరగతిలో పలకాల్సిన మాట పలికింది.

"మస్తానమ్మ రాలా అయ్యోరా. తలుపెయ్యబాక."

మూత పట్టుకున్నవాళ్లు అలాగే నిలబడిపోయారు. తర్వాత ఆవిడే కడియం వదిలి, వంగి, ఆ చెయ్యి ఆయన గుండె మీద పెట్టింది. తీసి, "ఇంక మూయండి నాయనా" అంది.

మూశారు. లోపల తెల్లగుడ్డ మీద అయిదు వేళ్లూ ఎర్రగా తుప్పుతో దిగి ఉన్నాయి.